గడపకు పట్టిన తుప్పు

ఇనుము తుప్పు పట్టడమంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు చెప్పవలసిన పని లేదు. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు కట్టుకున్నవారిని అడిగి చూడండి. కిటికీ ఊచలకు రంగు వెయ్యడం ఒక్క ఏడు మానేస్తే ఏమవుతుందో వారు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. అటక మీది ట్రంకుపెట్టె దించినప్పుడు మూత నిక్షేపంలా ఉంటుంది, అడుగు మాత్రం చేతిలోకి పొడిపొడిగా రాలుతుంది. బకెట్టయినా అంతే. నడుం దగ్గర చిల్లి పడ్డ బకెట్టును నేను చూడలేదు. అడుగున రెండు రేకులు కలిపి మడిచిన చోటే పోతుంది. నీరు చేరేదీ, చేరి ఆరకుండా ఉండేదీ అక్కడే కదా మరి! పాత నిఘంటువుల్లో ఈ మాట క్రావడితో 'త్రుప్పు' అని ఉంటుంది. క్రావడి ఎప్పుడో రాలిపోయింది గాని, తుప్పు మాత్రం మనల్ని వదలలేదు.

ఈ వారం నేను చెప్పబోయేది ఒక మోటారుకారుకు పట్టిన తుప్పు సంగతి. కారు మనది కాదు, దేశమూ మనది కాదు. 2023 వేసవి సెలవుల్లో మా చెల్లెలి ఇంట్లో ఆరు వారాలు ఉన్నాను. వాళ్లుండేది ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ నగరానికి దక్షిణాన ఒక చిన్న ఊళ్లో. మా బావ ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు. ఆయనకు తీరిక దొరికేది శని ఆదివారాలు. ఆ రెండు రోజులూ ఇంటి పక్క షెడ్డులో 1972 నాటి ఎం.జి.బి. కారు కింద పడుకుని ఉంటాడు.

ఎం.జి. అనే పేరు మనకూ కొత్త కాదు. 2019 నుంచి మన రోడ్ల మీద ఆ పేరుగల కార్లు తిరుగుతున్నాయి. ఇప్పటి కంపెనీ చైనావారి చేతిలో ఉన్నది గాని, పేరు పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గారేజెస్ అనే దుకాణం నుంచి. పొడి అక్షరాలు రెండూ అవే. ఫ్యాక్టరీ ఆ పక్కనే ఆబింగ్డన్ అనే ఊళ్లో ఉండేది. అక్కడ 1962 నుంచి 1980 దాకా ఈ ఎం.జి.బి. కార్లను అయిదు లక్షలకు పైగా తయారు చేశారు. ఇద్దరు కూర్చునే పొట్టి కారు. పైన కప్పుండదు, గుడ్డ టాపు మాత్రం ఉంటుంది. వాన రానంతసేపూ అది మడిచి పెట్టి, జుట్టు ఎగురుతుండగా పల్లెటూరి రోడ్ల మీద పోవడం అక్కడివాళ్లకు మహా సరదా. మా చెల్లెలు మాత్రం అందులో ఎక్కిన ప్రతిసారీ మంచి చీర పాడయిందంటుంది.

ఇక్కడ కాస్త నిర్మాణం గురించి చెప్పక తప్పదు. ఆ కంపెనీవారే ఎం.జి.బి.కి ముందు చేసిన కారు మన ఎడ్లబండి లాంటిది. అడుగున బలమైన ఇనుప చట్రం, దాని మీద బాడీ. బాడీ కాస్త శిథిలమైనా చట్రం బండిని మోస్తుంది. ఎం.జి.బి.లో అలా విడిగా చట్రం లేదు. రేకులను మడిచి, పెట్టెలుగా కలిపి అతికితే, ఆ పెట్టెలే కారును మోస్తాయి. అగ్గిపెట్టెను చూడండి. పై తొడుగులో ఉన్నంతసేపూ గట్టిగా ఉంటుంది. లోపలి సొరుగును మాత్రం బయటికి లాగి మెలిపెడితే ఇట్టే వంకరపోతుంది. కప్పు లేని కారు సరిగ్గా ఆ సొరుగే. అది వంకర పోకుండా ముఖ్యంగా పట్టి ఉంచేవి తలుపుల కింద, అటొకటి ఇటొకటి ముందు నుంచి వెనక్కు పోయే రెండు గుల్లపెట్టెలు. ఇంగ్లీషువాళ్లు వాటిని 'సిల్' అంటారు. మాట ఇంటిదే, గడప అని అర్థం. కనుక నేనూ గడప అనే అంటాను.

ఈ గడపలో వెలుపలి రేకు ఒకటి, లోపలి రేకు ఒకటి, రెంటికీ మధ్య నిలువుగా ఇంకో రేకు ఉంటాయి. అడుగున వీటిని పట్టి ఉంచే మడత పట్టీ ఒకటి. ఇందులో బయటికి కనిపించేది వెలుపలి రేకు ఒక్కటే. అదైనా పూర్తిగా కనిపించదు. దాని ముందు కొస ముందు చక్రపు రెక్క వెనక, వెనక కొస వెనక రెక్క లోపల దాగి ఉంటాయి. ముందు చక్రం చిమ్మిన బురద ఆ రెక్క వెనక మూలకు చేరుతుంది. దాన్ని ఆపడానికి పెట్టిన రబ్బరు పట్టీ కొన్నేళ్లకు చివికిపోతుంది. ఇంగ్లండులో చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. బురదా, నీరూ, ఉప్పూ కలిసి ఒక మూల చేరి, ఆరకుండా ఏళ్ల తరబడి కూర్చుంటే ఇంకేం కావాలి? పైగా తుప్పు తాను తిన్న ఇనుము కన్న ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల మధ్య పుట్టిందంటే ఉబ్బి, వాటిని విడదీసుకుంటూ పోతుంది. ఆ విడిన సందులోకి మరికాస్త నీరు.

బావ ఆ కారును అంతకు ముందు శరత్కాలంలో కొన్నాడు. అమ్మినవారెవరో మనకు అక్కర్లేదు. ఎర్రటి రంగు, అద్దంలా మెరుపు. ఇంటికి తెచ్చిన నెలకు ఎడమ తలుపు వెయ్యాలంటే కొంచెం ఎత్తి వెయ్యవలసి వచ్చింది. తలుపుకూ వెనక స్తంభానికీ నడుమ సందు కింద వేలు పట్టేంత ఉండి, పైన గోరు పట్టేంత కూడా లేదు. ఈ కార్ల గురించి తెలిసినవారు మొదట చూసేది ఆ సందునే. నడుము కిందికి జారుతుంటే తలుపు ద్వారం పైభాగం ఇరుకవుతుంది. మా మేనకోడలికి పదిహేడేళ్లు, చురుకైన పిల్ల. అది వంటింట్లోకి పోయి, ఫ్రిజ్జుకు అంటించిన తిరుపతి వెంకన్న బొమ్మ అయస్కాంతం పట్టుకొచ్చి గడప మీద పెట్టింది. స్వామివారు నిలవలేదు, జారి కింద పడ్డారు. రెండడుగుల మేర ఎక్కడ పెట్టినా అదే వరస. అంటే రంగు కింద ఉన్నది ఇనుము కాదు, లప్పం.

లప్పం చెక్కి చూస్తే దాని కింద ఒక కొత్త రేకు. ఆ రేకు కింద కుళ్లిన పాత గడప అలాగే ఉంది! ఎవరో పాతదాన్ని తియ్యకుండా, దాని మీదే తొడుగు వేసి, అంచులకు అక్కడక్కడ అతుకు పెట్టి, లప్పం రాసి, రంగు కొట్టారు. మన వీధుల్లో బిందెకు మాటు వేసేవాడు సైతం చిల్లి చుట్టూ గీకి, శుభ్రమైన లోహం కనబడ్డాకనే మాటు వేస్తాడు. అది నీళ్ల బిందె. ఇది గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో మనుషులను మోసే వస్తువు.

ఇప్పుడు వచ్చిన చిక్కేమిటంటే, బావ దీన్ని బాగు చేసి తీరాలని నిలదీసేవాడెవడూ లేడు. ఆ దేశంలో కార్లకు ఏటేటా జరిగే పరీక్ష ఒకటుంది, ఎం.ఓ.టి. అంటారు. 1960లో మొదలైంది. మొదట్లో పదేళ్లు దాటిన బళ్లకే ఉండేది, ఇప్పుడు మూడేళ్లు నిండిన కార్లకు తప్పదు. స్టీరింగు, బ్రేకులు, సస్పెన్షను, సీటుబెల్టులు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపల మోసే భాగం తుప్పుకు బలహీనపడితే కారు తప్పినట్లే. అయితే 2018 మే నుంచి, నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చెయ్యని కార్లకు ఈ పరీక్ష అక్కర్లేదన్నారు. అలాంటివి ఏడాదికి ఏ కొద్ది దూరమో తిరుగుతాయి, యజమానులు కంటికి రెప్పలా చూసుకుంటారు అని వారి నమ్మకం. కారు రోడ్డెక్కడానికి తగిన స్థితిలో ఉంచవలసిన బాధ్యత మాత్రం యజమాని మీద అలాగే ఉంది. కాలేజీలో ఇరవై ఏళ్లుగా పరీక్ష హాళ్లలో కాపలా తిరిగినవాణ్ణి కనుక, ఇన్విజిలేటరు లేని హాలంటే నాకు కొంచెం గుబులే.

పొరుగాయన ఒకడు, మంచివాడే, వచ్చి చూసి, "ఎండాకాలం ఆదివారాలు నడిపే కారు డాక్టరుగారూ, ఆ తొడుగు మీదే ఇంకో రెండు అతుకులు వేయించి వదిలెయ్యండి" అన్నాడు. అమ్మేస్తే సరి అన్నది మా చెల్లెలి అభిప్రాయం. "ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే ఎవడూ కొనడు. చెప్పకుండా అమ్మితే వాడి పక్కన ఎవరో కూర్చుంటారు" అన్నాడు బావ. "మన ఇంట్లో ఆ పక్క సీటు ఎవరిదో చూశావుగా." అక్కడ డ్రైవరు మనలాగే కుడివైపు కూర్చుంటాడు. ఎడమ తలుపు మా మేనకోడలిది.

షెడ్డుకు తీసుకుపోతే ఇలాంటి పనికి గంటల లెక్కన వేసే కూలి ఆ కారు వెలకు దగ్గర దగ్గర వస్తుందట. రేకులకయ్యేది అందులో చిన్న భాగం. ఈ కారుకు ఇప్పటికీ కొత్త గడపలు దొరుకుతాయి. అంతెందుకు, 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థవారు పాత అచ్చులతోనే మొత్తం బాడీని కొత్తగా చేసి అమ్ముతున్నారు. కాని బావకు కావలసింది కొత్త కారు కాదు. ఆయన ఆ చలికాలమంతా వారానికో రాత్రి కాలేజీలో వెల్డింగు క్లాసుకు పోయి నేర్చుకున్నాడు. నేను వెళ్లేసరికి కోతకు సిద్ధంగా ఉన్నాడు.

కొయ్యడానికి ముందు చెయ్యవలసిన పనే ఎక్కువ అని నాకు అప్పుడు తెలిసింది. ముందుగా బ్యాటరీ తీగలు ఊడదీశాడు. పెట్రోలు ట్యాంకును పూర్తిగా విప్పి, షెడ్డుకు దూరంగా పెట్టాడు. లోపలి తివాసీలు, సీట్లు, అంటుకునేదేదీ మిగలకుండా బయటికి చేర్చారు తండ్రీకూతుళ్లు. తరువాత కారును స్టాండ్ల మీదికి ఎత్తారు, అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. చక్రాల మీద నిలిచినప్పుడు బరువు ఏ చోట్ల పడుతుందో వాటికి దగ్గరగానే పెట్టాలి. అడ్డంగా, పొడుగునా రసమట్టం పెట్టి చూసుకున్నారు. అప్పుడు తలుపు ద్వారానికి ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప గొట్టాలతో దన్ను కట్టి వెల్డింగు చేశాడు. ఆ దన్ను లోపలివైపుకు ఉండాలి, అప్పుడే తలుపు వేసి సందులు చూసుకోవడానికి వీలు. గొట్టాల నడుమ తిప్పితే పొడుగయ్యే బిగింపు ఒకటి ఉంది. దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, తలుపు చుట్టూ సందు పైనా కిందా ఒకే తీరుగా వచ్చేదాకా స్తంభాలను ఎడం చేశాడు. దీనికే ఒక శనివారం చెల్లిపోయింది.

"ఏమిటి బావా ఇంత తాత్సారం?" అన్నాను.

"కోతకు ముందు ప్రాణం నిలబెట్టడమే మా వృత్తి. కోసేవాడి తొందర నాకు అలవాటే" అన్నాడు.

గడప కోసేశాక కారును పట్టి ఉంచేది ఆ దన్ను మాత్రమే. అది లేకుండా కోస్తే బాడీ ఉన్న వంకరలోనే, లేదా ఇంకా ఎక్కువ వంకరలో నిలిచిపోతుంది. దాని మీద కొత్త గడప అతికితే ఆ వంకర శాశ్వతం. రెండువైపులా ఒకేసారి కొయ్యకూడదన్నదీ అందుకే. నా ఎం.ఏ. తెలుగు అక్కడ కొలతల పుస్తకం రాయడానికి పనికొచ్చింది. ద్వారం ఐమూల కొలతలు, సందులు ప్రతి పనికీ ముందొకసారి, తరువాతొకసారి.

కోత మొదలుపెట్టిన రోజు చూడాలి. ముందు రెక్కకు బోల్టులే కనుక విప్పితే వచ్చింది. వెనక రెక్క వెల్డింగు చేసినది. దాని అడుగున చేతి వెడల్పు పట్టీ కోస్తే గాని గడప వెనక కొస కనబడదు. బద్ధకించేవాళ్లు ఈ పని మానేసి, కనిపించే మేర మాత్రం గడప మార్చి ఊరుకుంటారట. రెండు కొసలూ కుళ్లులోనే ఉండిపోతాయి. వెలుపలి రేకు ఊడదీస్తే లోపల నిలువు రేకు అడుగు భాగం లేనే లేదు, దాని చోట గోధుమరంగు పెచ్చులు. లోపలి రేకు కింద నాలుగు వేళ్ల మేర జల్లెడ. మా మేనకోడలు ఆ మట్టీ తుప్పూ పోగుచేసి, వంటింటి త్రాసు మీద తూచింది. మూడు కిలోలు దాటింది. త్రాసు సంగతి తెలిసి మా చెల్లెలు ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

"మావయ్యా, ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లయినా తుప్పు పట్టలేదట కదా, మా కారు యాభై ఏళ్లకే ఇలా అయిందేం?" అని అడిగింది. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువని, దాని మూలంగా పైన సన్నని పొర కట్టి కాపాడుతున్నదని పెద్దలు తేల్చారు, ఢిల్లీ గాలిలో తేమ తక్కువ కావడం కూడా కొంత కారణం అని చెప్పాను. "అయితే మనం ఢిల్లీకి మారిపోవాలి" అన్నది.

ఎంత వరకు కొయ్యాలన్నదే ఈ పనిలో అసలు మెలకువ. తుప్పు కనబడినంత వరకే కోస్తే చాలదు. సుత్తితో తట్టి, కణకణమనే శబ్దం వచ్చేదాకా, గీకితే తెల్లగా మెరిసేదాకా వెనక్కు పోవాలి. వెల్డింగు తుప్పు మీద నిలవదు, రంగు మీదా నిలవదు. సన్నబడ్డ రేకు ఆ వేడికి కరిగి చిల్లి పడుతుంది, ఆ చిల్లి పూడ్చబోతే ఇంకొంచెం పెద్దదవుతుంది. బావ రెండుసార్లు గీసిన గీతను చెరిపి, మరో రెండు అంగుళాలు వెనక్కు జరిపాడు. అలా జరిపినప్పుడల్లా పని ఒక పూట పెరిగేది.

వెల్డింగు యంత్రానికి తుపాకీ లాంటి పిడి ఉంటుంది. అందులోంచి సన్నని ఉక్కు తీగ దానంతట అది వస్తూ, తగిలిన చోట కరిగి అతుకుతుంది. కరిగిన లోహానికి గాలి సోకకుండా ఆర్గాన్, బొగ్గుపులుసు గాలి కలిపిన వాయువు చుట్టూ కమ్ముతుంది. మోటారు రేకు మిల్లీమీటరు పైచిలుకు మందం. దాని మీద ఏకబిగిన గీత లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. అందుచేత దర్జీ టాకాలు వేసినట్టు ముందు చుక్కలు పెట్టాలి. ఇక్కడొక చుక్క, ఆ చివరొక చుక్క, మళ్లీ నడుమ. చల్లారనివ్వాలి. తలుపు వేసి సందు చూడాలి. సరిగా ఉంటే ఆ చుక్కల నడుమ కొంచెం కొంచెం కలపాలి. ఫ్యాక్టరీలో రెండు అంచులు కలిపి నొక్కి అతికిన చోట్ల, పై రేకుకు వరసగా రంధ్రాలు చేసి, వాటిలోంచి కింది రేకుతో కలిసేలా లోహం నింపాడు. ఆ అంచులకు ముందే జింకు కలిసిన రంగు పూశాడు. దాని పొగ పీల్చకూడదు, పీలిస్తే జ్వరం వస్తుంది. అందుకని షెడ్డు తలుపులు బార్లా తీసి, ముఖానికి ముసుగు.

నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి శనివారం కారును ముట్టే ముందు బావ రెండు తుక్కు రేకుముక్కలు అతికి, చల్లారాక బిగింపులో పెట్టి, ఉలితోనూ పట్టకారుతోనూ చీల్చేవాడు. అతుకు దగ్గర ఊడి వస్తే ఆ రోజు యంత్రం సరిగా దిద్దుకోలేదన్నమాట. రేకు చిరిగి, అతుకు నిలిస్తే సరి. ఆ పైన చూస్తే ఎంత అందంగా ఉన్నా, చీలిస్తే గాని నమ్మేవాడు కాదు. చూపుకు ముచ్చటగా ఉన్న అతుకు ఒకటి తేలికగా ఊడి రావడం నేను స్వయంగా చూశాను. లోహం పైన పేరుకున్నదే గాని లోపలికి దిగలేదు.

నా ఉద్యోగం అగ్నిమాపక శాఖ. ఆయన ఇటు అతుకుతుంటే నేను అటు కూర్చుని, రంగు మాడి పొగ వచ్చినా, ఎక్కడైనా ఎర్రగా కనబడినా చెప్పాలి. పక్కన మంటలార్పే సిలిండరు, బకెట్టు నీళ్లు. పని అయిపోయాక కూడా గంటసేపు షెడ్డు వదిలి కదలకూడదు. గుల్లపెట్టెల్లో రవ్వలు నిదానంగా అంటుకుంటాయట. ఆ గంటలో మా మేనకోడలు నా చేత పాత సినిమా కథలు చెప్పించుకునేది.

ఆరు వారాలకు ఎడమవైపు మొత్తం అయింది. దన్ను కోసేసేముందు ముగ్గురమూ కొంచెంసేపు ఊరికే నిలబడ్డాం. బావ బిగింపు వదులు చేశాడు. కొలతల పుస్తకం తీసి చూశాను. ఐమూలలు మారలేదు. మా మేనకోడలు తలుపును ఒక్క వేలితో తోసింది. టక్కుమని పడింది.

కుడివైపు పని నేను ఊరికి వచ్చేశాక జరిగింది. సెప్టెంబరులో ఫోను చేసి మేనకోడలు మిగతా కథ చెప్పింది. అక్కర్లేకపోయినా బావ కారును ఎం.ఓ.టి.కి తీసుకుపోయాడట. అడుగున నల్లటి తారు లాంటిదీ, మైనమూ ఏదీ పూయకుండా, అతుకులన్నీ కనబడేలాగే పట్టుకుపోయాడు. పరీక్షించే మనిషి కింద దీపం పట్టుకుని, చేతిలోని పనిముట్టుతో గడపల పొడుగునా తట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, "ఇది ఎవరు చేశారు?" అని అడిగాడట. బావ గొంతు తడారిపోయిందట. నేనే అన్నాడు. ఆయన తలూపి ముందుకు పోయాడు. కాగితం మీద గడపల ఊసే లేదు, అద్దం తుడిచే రబ్బరు ఒకటి అరిగిందని మాత్రం రాశాడు.

తరువాత గుల్లపెట్టెల లోపలికి సన్నని గొట్టంతో మైనం కొట్టారు, మూలమూలకూ చేరేటట్టు. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకోకుండా పుల్లతో పొడిచి పెట్టాలి. ఆ రంధ్రాలు పూడుకుపోతే లోపల చేరిన నీరు బయటపడే దారి లేదు. ఎండ వచ్చిన రోజుల్లో ఆ రంధ్రాల గుండా మైనం చుక్కలు చుక్కలుగా కారుతున్నదట. ఇంటి ముందు పరిచిన ఇటుకలు పాడవుతాయని మా చెల్లెలు కారు కింద కాగితాలు పరిచింది. నేను పోయినప్పుడు పట్టుకెళ్లిన మన పత్రిక సంచికలవి. సీరియలు ఉన్న పేజీలు మాత్రం చింపి లోపల దాచుకున్నదట.